స్పితి పల్లెలో నెల ఉండబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

హిమాచల్‌లోని స్పితి లోయలో కిబ్బర్, లాంగ్జా, కోమిక్ లాంటి చిన్న ఊళ్లు 4,000 మీటర్లకు పైనే ఉంటాయి. బార్లీ, పచ్చిబఠాణీ పండిస్తారు, యాక్‌లనూ గొర్రెలనూ మేపుతారు. వాళ్లింట్లో ఉండి చూడాలనుకునేవాళ్ల కోసం ఇవి.

• మనాలి నుంచి ఒక్కరోజులో ఎక్కేయకండి. సిమ్లా, కిన్నౌర్ దారిలో ఎత్తు మెల్లగా పెరుగుతుంది, ఒంటికి అలవాటవుతుంది. స్పితిలోని ప్రధాన పట్టణం కాజాలో రెండు రాత్రులైనా ఆగండి. తలనొప్పి, వాంతులు ఉంటే అవి తగ్గేదాకా పైకి వెళ్లొద్దు. నడకలో తూలినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా సరే, కిందికి దిగాల్సిందే. ఎత్తు జబ్బుకు మాత్ర వేసుకున్నాం కదా అని ధీమా వద్దు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే డాక్టర్‌ని అడగందే టికెట్ కొనకండి.

• చలికి గది మధ్యలో బుఖారీ అనే రేకు పొయ్యి పెడతారు. పొగగొట్టం అతుకుల దగ్గర పొగ కారుతోందేమో చూడండి. నిప్పు ఉండగా తలుపులు, కిటికీలు అన్నీ బిగించి పడుకోవద్దు.

• మరుగుదొడ్డిలో నీళ్లు పోయరు. నేలకు ఓ కంత, పక్కన మట్టికుప్ప, పార. అయ్యాక ఓ పారెడు మట్టి వేయాలి. ఆ ఎరువే పొలానికి పోతుంది కాబట్టి ప్యాడ్లు, ప్లాస్టిక్ అందులో పడేయకండి. మనకు మొదట్లో కాస్త ఇబ్బందే, టిష్యూలు దగ్గర పెట్టుకోండి.

• చీకటి పడ్డాక కుక్కల గుంపులుంటాయి. ఒంటరిగా తిరగొద్దు.

• నగదు, మందులు కాజాలోనే సర్దుకోండి. ఆవకాయ సీసా మాత్రం ఇంటి నుంచే.