సరిహద్దు ఊళ్లలోని పనిచోట సంతోషాన్ని నిలుపుకోవడం ఎలా?

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి పరిసరాల్లోని ఒక మామూలు జీడిపప్పు కర్మాగారంలో పిక్కలు కొట్టే వరుసలో ఒడియా స్త్రీలు, తొక్క తీసే బల్లల దగ్గర తెలుగువారు, మూటలు మోసేవారిలో కొండ ఊళ్ల నుంచి దిగివచ్చే సవరలు, లెక్కల గదిలో రెండు భాషలూ వచ్చిన ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. ఇలాంటి చోట మనుషుల వ్యవహారాలు చూస్తూ పదేళ్లకు పైగా గడిపిన నాకు, సంతోషానికి పునాది రోజూ ఒకరితో ఒకరు మాట్లాడే తీరులోనే ఉందన్న నమ్మకం కలిగింది. ఇక్కడ చెప్పే సూచనలు ఆ నమ్మకంతో రాసినవే. వీటిని ఆసుపత్రిలోనైనా, బట్టల దుకాణంలోనైనా కొద్ది మార్పులతో పాటించవచ్చు.

ముందుగా పిలుపును సరిచేయండి. తెలుగులో నువ్వు, మీరు అని రెండు మెట్లు ఉంటే ఒడియాలో తు, తుమే, ఆపణొ అని మూడు మెట్లు ఉన్నాయి. సంతలో విని ఒడియా నేర్చుకున్న తెలుగు మేస్త్రీ తన ‘నువ్వు’కు సాటి మాటగా ‘తు’ వాడేస్తుంటాడు. శ్రీకాకుళం వైపువారి నోట ‘నువ్వు’ చనువుగా వస్తుందే తప్ప అందులో చిన్నచూపు ఉండదు. కానీ అదే మాట ‘తు’గా మారి తన తల్లి వయసున్న కూలి మీద పడినప్పుడు ఆమె మనసు చివుక్కుమంటుంది. ఆమె పైకి ఏమీ అనదు, మరుసటి వారం వేరే చోట పనికి కుదురుకుంటుంది, యజమాని మాత్రం కూలి రేటు నచ్చక వెళ్లిపోయిందని అనుకుంటాడు. అందువల్ల పనిచోట అందరినీ తెలుగులో ‘మీరు’ అని, ఒడియాలో ‘ఆపణొ’ అని పిలవాలని, పెద్దవారిని అక్క, మౌసీ, భాయి అని వరస కలిపి పలకరించాలని ఒక నియమం పెట్టండి. ఆ నియమాన్ని అందరికంటే ముందు యజమానే పాటించాలి, లేకపోతే అది వారం కూడా నిలవదు.

తర్వాత, పనికి సంబంధించిన ఏ మాటా ఒక వర్గానికే అర్థమయ్యేలా తిరగకుండా చూడండి. కూలి రేట్లు, సెలవులు, పని వేళలు తెలుగు, ఒడియా లిపులు రెండింటిలోనూ గోడ మీద రాయించి, చదువు రానివారి కోసం వారానికి ఒకసారి పైకి చదివి వినిపించండి. సవరల విషయంలో ఈ రెండు భాషలూ చాలవు కనుక, వారిలో ఒకరికి కొంత అదనపు కూలి ఇచ్చి మాట చేరవేసే బాధ్యత అప్పగించడం న్యాయం. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాషను పట్టుదలతో నేర్చుకున్నారు, ఆ పిల్లలు తమ మాటలోనే చదువుకోవాలని పుస్తకాలు రాశారు. ఆయన తిరిగిన ఊళ్లో పనిచేస్తున్న మనం పది సవర మాటలైనా నేర్చుకోలేమంటే అది నాకు బాధగా ఉంటుంది.

అన్నింటికన్నా కష్టమైనది తప్పు జరిగినప్పటి మాట. మా పనిలో విరగని గుండు పప్పుకు వచ్చే ధర విరిగిన బద్దకు రాదు. పప్పు విరిగితే కూలిలో కోత పెట్టే పద్ధతి చాలా చోట్ల ఉంది. దాని ఫలితంగా విరిగిన బద్దలు పెంకుల కుప్పలో మాయమవుతాయి, లేదా పక్క మనిషి బుట్టలోకి చేరతాయి, అక్కడి నుంచి తగవులు మొదలవుతాయి. కోతను ఎత్తివేసి, విరిగినవాటికి ప్రతి బల్ల దగ్గర విడిగా ఒక బుట్ట పెట్టండి. సాయంత్రం ఐదు నిమిషాలు ఆ బుట్టల చుట్టూ నిలబడి, ఎవరు విరిచారని అడగకుండా ఎందుకు విరిగిందని అడగండి: పిక్కలకు ఆవిరి చాలలేదా, కత్తి మొద్దుబారిందా, బోర్మాలో, అంటే పప్పు ఆరబెట్టే వేడి గదిలో, పప్పు మరీ ఎండిపోయి పెళుసెక్కిందా? జవాబులు చాలావరకు యంత్రం వైపో, ఆవిరి వైపో చూపిస్తాయి. అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదై ఉండటం గమనించి ఆశ్చర్యపోయారు. ఆ బృందాలవారు భయం లేక పొరపాట్లను దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణమని ఆమె వివరించారు. కాబట్టి కొత్త పద్ధతి మొదలుపెట్టిన నెలలో బుట్టలు నిండుగా కనిపిస్తే కంగారుపడకండి. చెప్పినందుకు ఒక్క మనిషిని ఒక్కసారి కసిరినా ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరన్నది గుర్తుంచుకోండి.

మంచి మాట ఒక్కటే చాలదని కూడా ఇక్కడే చెప్పాలి. జీడి పెంకులోని నూనె చర్మాన్ని కాల్చి పొక్కులు లేపుతుంది. చేతి తొడుగులు ఇవ్వకుండా ఆ చేతులకు చప్పట్లు కొట్టడం అన్యాయం. కాటా మీది అంకెలు కూలికి కనిపించేలా తిప్పి పెట్టండి, తూకం ఆమె ముందే వేసి ఆమె చీటీలో రాయండి. కూలి, పని పరిస్థితులు సరిగా ఉంటే అసంతృప్తి తగ్గుతుందని, నిజమైన తృప్తి మాత్రం సాధించిన పనిలోనూ దానికి దక్కే గుర్తింపులోనూ ఉంటుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో వాదించారు. నా అనుభవంలో ఈ రెండింటి వరుస మారకూడదు: తొడుగులు, తూకం ముందు, మెచ్చుకోలు తర్వాత. మెచ్చుకునేటప్పుడు కూడా ‘బాగా చేస్తున్నారు’ అని వదిలేయకుండా, ‘ఆవిరి తగ్గిందని మీరు పొద్దున్నే చెప్పబట్టి మూడు బస్తాల పప్పు దక్కింది’ అన్నట్లుగా జరిగినదాన్ని చెప్పండి.

సెలవుల పట్టికను ఏడాది మొదట్లోనే అందరినీ కూర్చోబెట్టి వేయండి. ఉగాది నాడు ఒడియావారు, ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే ఒడియావారి పణా సంక్రాంతి నాడు తెలుగువారు ఒకరి పని ఒకరు చూసుకోవచ్చు. జూన్ నడుమ మూడు రోజుల రజ పండుగకు ఒడియా స్త్రీలు ఇంటి పని కూడా ముట్టరు కనుక ఆ రోజుల్లో వారిని పనికి పిలవకండి. గజపతి జిల్లాలో సవర క్రైస్తవులు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి క్రిస్మస్ వారానికి కూడా పట్టికలో చోటుండాలి.

భోజనాల వేళ పని మాట ఎత్తకండి. ఎండాకాలంలో మన చద్దన్నం, వారి పొఖాళొ ఒకే చాప మీద చేరినప్పుడు, పిలిస్తే వెళ్లి కూర్చోండి.

చివరగా, స్త్రీల రక్షణ విషయంలో మెతకదనం వద్దు. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఒక స్త్రీ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలై ఉండాలి, బయటి సభ్యులు కూడా ఒకరుండాలి. పదిమందికి లోపు ఉన్న చోట్ల నుంచి జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సాధారణంగా ఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఈ వివరాలనూ కమిటీ సభ్యుల పేర్లనూ రెండు లిపుల్లో రాసి స్త్రీలు బట్టలు మార్చుకునే గదిలో అతికించండి, సవర మాట్లాడే స్త్రీ చేత నెలకొకసారి అక్కడే చదివి చెప్పించండి, ఆ సమయంలో మేస్త్రీలను ఆ దరిదాపుల్లో ఉండనివ్వకండి.