పాత కారుకి హై మైలేజ్ ఆయిల్ వెయ్యాలా వద్దా? ముందు డిప్‌స్టిక్ తియ్యండి

ఏటా ఆగస్టులో ఇదే తంతు. ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు నలుగురు కలిసి లక్షా ఇరవై వేల మైళ్ళు తిరిగిన క్యామ్రీనో కరోలానో కొంటారు, వారం తిరక్కుండానే "అన్నా, దీనికి హై మైలేజ్ ఆయిల్ వెయ్యాలంట కదా, ఏ బ్రాండ్ తెమ్మంటావ్" అని మెసేజ్ పెడతారు. హై మైలేజ్ అంటే పెట్రోలు ఆదా అని కాదు, ఎక్కువ మైళ్ళు తిరిగిన కార్ల కోసం చేసే ఇంజిన్ ఆయిల్. నేను ఒక్కటే అడుగుతా, ఇప్పుడు ఇంజిన్లో ఆయిల్ ఎంతుంది అని. జవాబు ఉండదు. డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల) ఎక్కడుందో కూడా చూసుండరు. పదిహేనేళ్ళుగా డాలస్ ఎండల్లో నా కార్లకీ స్నేహితుల కార్లకీ నేనే ఆయిల్ మారుస్తున్నా కాబట్టి చెప్తున్నా, ఏ డబ్బా కొనాలన్నది తర్వాతి సంగతి. మీ ఇంజిన్ ఆయిల్ తాగుతోందా (అంటే లోపల కాల్చేస్తోందా), కారుస్తోందా, రెండూ లేవా, అది తేలాకే షాపుకి వెళ్ళాలి.

అసలు ఆ డబ్బాలో ఏముంటుంది

2000లో వాల్వొలీన్ వాళ్ళు మ్యాక్స్‌లైఫ్ పేరుతో మొదలుపెట్టారు, తర్వాత మిగతా కంపెనీలన్నీ తెచ్చాయి. డబ్బా మీద "75,000 మైళ్ళు దాటిన కార్లకి" అని ఉంటుంది. మామూలు ఆయిల్‌కీ దీనికీ పెద్ద తేడా సీల్ కండిషనర్లు. ఇంజిన్లో ఆయిల్ బయటికి కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు, గాస్కెట్లు ఏళ్ళ తరబడి వేడికి కాగి కాగి గట్టిపడతాయి, ఈ కండిషనర్లు వాటిని మళ్ళీ కాస్త మెత్తబరిచి కొంచెం ఉబ్బేలా చేస్తాయి, దాంతో సన్నగా ఊరే ఆయిల్ ఆగుతుంది. దానికి తోడు మడ్డిని కడిగే డిటర్జెంట్లు, అరుగుదల తగ్గించే మందులు కొంచెం ఎక్కువ వేస్తారు. చిక్కదనం కూడా అదే గ్రేడులో కాస్త పై అంచున ఉంటుంది.

గట్టిపడిన రబ్బరుకి ఇది పనిచేస్తుంది. చిరిగిన రబ్బరుకి పనిచెయ్యదు, అరిగిన పిస్టన్ రింగుకి (మంట మండే చోటికి ఆయిల్ ఎక్కకుండా ఆపే లోహపు రింగు) అసలే పనిచెయ్యదు. ఈ ముక్క గుర్తుంటే సగం గొడవ తీరినట్టే.

ఇంకోటి, 75,000 అన్నది గీత గీసినట్టు పట్టుకోకండి. పన్నెండేళ్ళ పాత కారు 50,000 మైళ్ళే తిరిగినా టెక్సస్ ఎండలో బయటే పార్క్ చేసుంటే దాని సీళ్ళు ముసలివే. నాలుగేళ్ళ కారు హైవే మీదే లక్ష తిరిగుంటే సీళ్ళు ఇంకా బాగానే ఉండొచ్చు. మైళ్ళతో పాటు వయసు కూడా చూడాలి.

స్టెప్ 1: సామాన్లు

పాత అట్టపెట్టె విప్పిన ముక్క, పేపర్ టవళ్ళు, ఫ్లాష్‌లైట్, చిన్న నోటుబుక్. ఫోన్లో రాసుకుంటా అంటారు గానీ రాయరు, నోటుబుక్ గ్లవ్ బాక్సులో పెట్టుకోండి.

స్టెప్ 2: మాన్యువల్లో గ్రేడు చూడండి

0డబ్ల్యు-20నా, 5డబ్ల్యు-20నా, 5డబ్ల్యు-30నా అన్న చిక్కదనం గ్రేడు మాన్యువల్లో ఉంటుంది, చాలా కార్లకి ఆయిల్ మూత మీద కూడా రాసుంటుంది. హై మైలేజ్ వేసినా అదే గ్రేడు. దీని మీద తర్వాత ఇంకా చెప్తా.

స్టెప్ 3: అట్టముక్క

రాత్రి ఇంజిన్ కింద అట్ట పరచండి, ముందు టైర్లు ఎక్కడున్నాయో పెన్నుతో గుర్తు పెట్టండి, పొద్దున్నే చూడండి. గోధుమ రంగో నలుపో అయితే ఇంజిన్ ఆయిల్. ఎర్రగా ఉంటే ఎక్కువగా ట్రాన్స్‌మిషన్‌దో పవర్ స్టీరింగ్‌దో. టొయోటాల్లో గులాబీ రంగుంటే కూలెంట్. ఒట్టి నీళ్ళయితే ఏసీ. తర్వాత బానెట్ ఎత్తి వాల్వ్ కవర్ (ఇంజిన్ పైన ఉండే మూత) చుట్టూ ఫ్లాష్‌లైట్ వేసి చూడండి, అక్కడ తడితడిగా దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుందంటే గాస్కెట్ ఊరుతోందన్నమాట. ఊరటం వేరు, చుక్కలు పడటం వేరు. అట్ట మీద రోజూ రూపాయి బిళ్ళంత మచ్చ పడుతుంటే అది గాస్కెట్ మార్చాల్సిన కేసు, ఆయిల్ మార్చి బాగుచేసేది కాదు.

స్టెప్ 4: వెయ్యి మైళ్ళ కొలత. అందరూ చెడగొట్టేది ఇక్కడే

నెమ్మదిగా చదవండి. నేను చూసిన తప్పుడు నిర్ణయాల్లో పదికి తొమ్మిది ఇక్కడ పుట్టినవే.

మొదటి జాగ్రత్త, కారు కొన్న రోజున ఉన్న ఆయిల్ మీద కొలత మొదలెట్టొద్దు. ఆయిల్ తాగే కారుని అమ్మేముందు చిక్కటి ఆయిల్ పోసో, ఆయిల్‌ని చిక్కబరిచే మందు పోసో అమ్మేవాళ్ళున్నారు, అలాంటప్పుడు కొన్నాళ్ళు పొగ కనపడదు, ఆయిల్ తగ్గదు, మీరు మంచి ఇంజిన్ అనుకుంటారు. అందుకే ముందు మాన్యువల్లో చెప్పిన గ్రేడులో మామూలు సింథటిక్ ఆయిల్, కొత్త ఫిల్టరు వెయ్యండి. హై మైలేజ్ ఇప్పుడే వద్దు. మందు ముందే ఇచ్చేస్తే జబ్బేంటో తెలీదు కదా.

కొత్త ఆయిల్ పోశాక ఇంజిన్ కాసేపు నడిపితే ఫిల్టరు నిండుతుంది, లెవెల్ కొంచెం దిగుతుంది. మర్నాడు పొద్దున చూసి, పై గీత దాకా తెచ్చి, ఓడోమీటర్ నంబరు, తేదీ రాయండి. అదే మీ సున్నా.

రెండో జాగ్రత్త, ఎప్పుడూ ఒకే చోట, ఒకే టైములో కొలవాలి. మాన్యువల్స్‌లో ఇంజిన్ వేడెక్కాక ఆపి కనీసం ఐదు నిమిషాలు ఆగి చూడమంటారు. నేను మాత్రం పొద్దున స్టార్ట్ చెయ్యకముందు చల్లటి ఇంజిన్ మీదే చూస్తా, మీరూ అలాగే చూడండి, ఎందుకంటే రాత్రంతా ఆయిల్ మొత్తం కిందకి దిగి ఉంటుంది, ఎన్ని నిమిషాలు ఆగామన్న లెక్కే ఉండదు. చోటు సంగతి ఇంకా ముఖ్యం. మా తమ్ముడి ఫ్రెండ్ ఒకతను వాలుగా ఉన్న డ్రైవ్‌వేలో ఓసారి, ఆఫీసు పార్కింగ్‌లో ఓసారి కొలిచి, మూడు వారాల్లో అర క్వార్ట్ (క్వార్ట్ అంటే లీటరు కన్నా కాస్త తక్కువ) తాగేసిందని భయపడి మందు డబ్బాలు రెండు కొనేశాడు. మా ఇంటి దగ్గర చదునుగా ఉన్న చోట వరసగా కొలిస్తే అసలేం తగ్గలేదు. వాలు చేసిన పని అది.

మూడోది, డిప్‌స్టిక్ తియ్యగానే చదవొద్దు. తీసి, తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్ళీ తీసి చదవండి. రెండు వైపులా చూడండి, ఒక వైపు పైకి పూసుకుపోయి ఎక్కువ చూపిస్తుంది, తక్కువ చూపించే వైపే లెక్క. కొత్త ఆయిల్ నీళ్ళలా ఉండి కనపడదు, వెలుతురులో వంచి చూడండి.

నాలుగోది చాలామందికి తెలీదు. రోజూ రెండు మైళ్ళు యూనివర్సిటీకి, అర మైలు పటేల్ బ్రదర్స్ ఇండియన్ సరుకుల షాపుకి తిరిగే కారులో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, కొంచెం పెట్రోలు, తేమ ఆయిల్లో కలుస్తాయి. ఆయిల్ తగ్గుతున్నా లెవెల్ అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటి కారు ఒక్కసారి హ్యూస్టన్ వెళ్ళొస్తే ఆ కలిసిందంతా ఆవిరై లెవెల్ దబ్బున పడుతుంది, హైవేలో ఇంజిన్ పాడైందని కంగారుపడతారు. అందుకే మీ వెయ్యి మైళ్ళలో కనీసం ఒక పెద్ద హైవే ట్రిప్పు ఉండాలి, లేకపోతే ఆ కొలత నమ్మను.

ఐదోది, మధ్యలో టాప్ అప్ చేస్తే ఎంత పోశారో రాయండి. రాయకుండా ఓ గ్లాసు పోసేసి, అబ్బే మాది తాగట్లేదు అంటే ఎలా? పై గీత దాటించొద్దు కూడా, ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, దాన్ని చిలికి నురగ చేస్తుంది. ప్రతి 200 మైళ్ళకీ ఒకసారి చూడండి. రెండు గీతల మధ్య చాలా కార్లలో సుమారు ఒక క్వార్ట్, కొన్ని టొయోటాల్లో ఒకటిన్నర దాకా ఉంటుంది, మీ మాన్యువల్లో చూసి లెక్క కట్టండి.

ఈ కొలత జరిగేటప్పుడు ఆయిల్ ప్రెషర్ లైట్ వెలిగితే వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపండి. అది లెవెల్ లైట్ కాదు, అది వెలిగే టైముకి బేరింగులకి ఆయిల్ అందట్లేదన్నమాట. ఇంటికి ఇంకో రెండు మైళ్ళే కదా అని నడిపి ఇంజిన్ పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను, ఇంటి నుంచి అప్పు చేసి తెచ్చిన డబ్బు అది, ఇప్పటికీ తల్చుకుంటే బాధేస్తుంది.

స్టెప్ 5: పొగ, పీసీవీ వాల్వ్

పొద్దున స్టార్ట్ చెయ్యగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి పోతే వాల్వ్ స్టెమ్ సీళ్ళు, ఇవి రబ్బరే కాబట్టి హై మైలేజ్‌తో ఆశ ఉంది. గట్టిగా తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తే రింగులు, అక్కడ పెద్దగా ఆశ లేదు. పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల పేరుకునే వాయువుల్ని తిరిగి కాలడానికి పంపే చిన్న వాల్వ్) మూసుకుపోయినా, ఇరుక్కుపోయినా ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. చాలా కార్లలో అది కొద్ది డాలర్ల పార్టు. ముందు అది మార్చండి.

స్టెప్ 6: నిర్ణయం

వెయ్యి మైళ్ళకి పావు క్వార్ట్ లోపు తగ్గి, ఎక్కడా తడి లేకపోతే మామూలు సింథటిక్ చాలు. లక్షన్నర మైళ్ళు తిరిగినా సరే. రెండు డబ్బాలూ ఒకే రేటుంటే హై మైలేజ్ తీసుకోండి, నష్టమేం లేదు.

పావు నుంచి ముప్పావు క్వార్ట్ పోతున్నా, వాల్వ్ కవర్ దగ్గర ఊరుతున్నా, పొద్దున పూట కాస్త పొగ వస్తున్నా హై మైలేజ్ వెయ్యండి. ఇది అచ్చంగా మీలాంటి వాళ్ళ కోసమే చేసిన ఆయిల్.

ముప్పావు క్వార్ట్ దాటితే ఆయిల్ మార్పు ఒక్కటే సరిపోదు. హై మైలేజ్ వెయ్యండి, కానీ డిక్కీలో ఇంకో క్వార్ట్ ఎప్పుడూ ఉండాలి, కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచేది) చేయించాలి. కొన్ని టొయోటా మాన్యువల్స్‌లో 600 మైళ్ళకి 1.1 క్వార్ట్ దాకా గరిష్ఠం అని రాసుంటుంది, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. అంత తాగితే ఆ కాలిన ఆయిల్ మడ్డంతా పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పడుతుంది, డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల ఎమిషన్స్ టెస్ట్‌లో దొరికిపోతారు. కారు కొనబోయే వాళ్ళకి ఒక మాట, 2007-2009 క్యామ్రీల్లో 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ పిస్టన్, రింగుల వల్ల ఆయిల్ తాగే సమస్యకి టొయోటానే వారంటీ పొడిగించింది, ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. రింగుల పని అయిందా లేదా అడక్కుండా ఆ బండి తీసుకోవద్దు.

జర్మన్ కార్ల వాళ్ళు, మాన్యువల్లో ఉన్న అప్రూవల్ కోడ్ (కారు కంపెనీ ఆ ఆయిల్‌ని ఒప్పుకుందని చెప్పేది) డబ్బా వెనక ఉందో లేదో చూడండి. చాలా హై మైలేజ్ ఆయిల్స్‌కి అది ఉండదు, లేకపోతే ఎంత మంచిదైనా వద్దు.

చిక్కటి ఆయిల్ సలహా గురించి

ఇంటికి ఫోన్ చేస్తే నాన్నలు "20డబ్ల్యు-50 పోయించు, పొగ ఆగుద్ది" అంటారు. వాళ్ళ అనుభవం అబద్ధం కాదు, మన దగ్గర మారుతి 800కి 20డబ్ల్యు-40 పోసి దశాబ్దాలు నడిపారు. కానీ ఇప్పటి చాలా ఇంజిన్లలో వాల్వ్ టైమింగ్‌ని (వాల్వులు తెరుచుకుని మూసుకునే సమయాన్ని) మార్చేది ఆయిల్ ప్రెషరే, దాని దారులు, జల్లెడలు సన్నంగా ఉంటాయి. 0డబ్ల్యు-20 రాసున్న ఇంజిన్లో అంత చిక్కటిది పోస్తే పొద్దున్నే చలిలో స్టార్ట్ చేసినప్పుడు పైదాకా ఆయిల్ చేరటం ఆలస్యమవుతుంది. ఇక "లీకు ఆపే మందు" డబ్బాలు నా గరాజ్‌లోకి రానివ్వను. మోతాదు కుదరకపోతే రబ్బరు మరీ ఉబ్బి మెత్తగా అయిపోతుంది, తర్వాత ఏ ఆయిల్ పోసినా ఆ సీలు తిరిగి రాదు.

హై మైలేజ్ ఒకసారి వేస్తే మళ్ళీ మామూలుకి మారకూడదన్నదీ నిజం కాదు. మారొచ్చు, కలిపినా ఏం కాదు.

స్టెప్ 7: మార్చడం

ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, జాక్ స్టాండ్ల మీద నిలిపి (ఒట్టి జాక్ మీద ఎప్పుడూ కాదు), డ్రైన్ ప్లగ్ విప్పి, వాషర్ మార్చి బిగించి, కొత్త ఫిల్టర్ రబ్బరుకి ఆయిల్ రాసి తిప్పి, మాన్యువల్లో ఉన్నంత పొయ్యండి. డబ్బా మీద గుండ్రటి ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తు, అందులో నాణ్యత చెప్పే అక్షరాలు ఎస్పీ అనో అంతకన్నా కొత్త అక్షరాలో ఉండాలి. సింథటిక్ హై మైలేజే తీసుకోండి. డబ్బా పదివేల మైళ్ళు అన్నా 5,000కే మార్చండి. పాత ఆయిల్ ఆటోజోన్ అనే కారు పార్టుల షాపులో ఫ్రీగా తీసుకుంటారు, కాలవలో పొయ్యొద్దు.

వారంలో లీకు ఆగలేదని మెసేజ్ పెట్టొద్దు. రబ్బరు మెత్తబడటానికి టైము పడుతుంది, నేనైతే రెండు ఆయిల్ మార్పులు చూస్తా. వాల్వ్ కవర్ పక్కన మడ్డి శుభ్రంగా తుడిచి పెట్టుకోండి, మళ్ళీ తడి వచ్చిందా లేదా అప్పుడే తెలుస్తుంది, అదే చదును చోట, అదే పొద్దున పూట ఇంకో వెయ్యి మైళ్ళు కొలిచి పాత లెక్క పక్కనే రాయండి. రెండో మార్పు తర్వాత కూడా అంతే తగ్గుతుంటే మామూలు సింథటిక్‌కి వచ్చేసి, మిగిలిన డబ్బు గాస్కెట్‌కి పెట్టండి.