కాలువ నీటి లెక్క – 3వ పాఠం: బోదెలో పారే నీటిని కొలవడం

దాళ్వాకు (రెండో పంటకు) నీటి వంతులు పెట్టిన ఏడాది ధవళేశ్వరం దగ్గర ఎన్ని క్యూసెక్కులు (సెకనుకు పారే ఘనపుటడుగులు) వదిలారో పేపర్లో వస్తుంది. మీ తూములోంచి ఎంత వచ్చిందో మాత్రం మీరే కొలుచుకోవాలి. సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 చట్టం ప్రకారం ఆయకట్టులో వంతుల పట్టిక వేయాల్సింది నీటి వినియోగదారుల సంఘమే. కొలవకుండా పంచితే దెబ్బతినేది శివారు (కాలువ చివర ఉన్న) రైతు.

టేపు, అడుగుల గుర్తులున్న కర్ర, ఫోన్లో స్టాప్‌వాచ్, ముప్పాతిక వరకు నీళ్లు నింపి మూత బిగించిన అర లీటరు సీసా చాలు. ఖాళీ సీసా గాలికి పరుగెడుతుంది, వద్దు. కర్ర అడుగున చిన్న పలక కొట్టండి. లేకుంటే ఒండ్రులో దిగబడి లోతు ఎక్కువ చూపిస్తుంది.

గుర్రపుడెక్క, మలుపు, మధ్యలో తూము లేని 100 అడుగుల తిన్నని భాగం ఎంచుకోండి. నీటి వెడల్పు 8 అడుగులైతే 2, 4, 6 అడుగుల దగ్గర లోతు చూడండి. 1.5, 2, 1.5 వచ్చాయనుకుందాం, మొత్తం 5. దీన్ని 4తో భాగించాలి, 3తో కాదు. గట్ల దగ్గర లోతు సున్నా కదా! ఇక్కడే చాలామంది పొరబడి, ఉన్న నీటికి మూడో వంతు అదనంగా రాసేస్తారు. సగటు లోతు 1.25, వైశాల్యం 10 చదరపు అడుగులు.

ఆ 100 అడుగులకు రెండు చివర్లా గుర్తులు పెట్టి, సీసాను పై గుర్తుకు కాస్త ఎగువన, కాలువ నడిమధ్యలో వేయండి. పై గుర్తు నుంచి కింది గుర్తుకు ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి సగటు తీయండి. 85 సెకన్లు పడితే 100ను 85తో భాగించి, 0.85తో గుణించండి. పైనీరు అడుగునీటి కంటే వడిగా పోతుంది, అందుకే ఈ తగ్గింపు. వేగం సెకనుకు 1 అడుగు, పారకం 10 క్యూసెక్కులు.

గేజీ (నీటి మట్టం చూపే కొలబద్ద) చూసి మోసపోవద్దు. దిగువ లాకులు మూసినా, తూడు (నీటి కలుపు) అడ్డుపడినా నీరు ఎగదన్ని మట్టం పెరుగుతుంది, పారకం మాత్రం పడిపోతుంది. మట్టం నిండుగా ఉండి సీసా కదలకపోతే కారణం దిగువన వెతకండి.

1 క్యూసెక్కు 24 గంటలు పారితే 12 ఎకరాల్లో 2 అంగుళాలు నిలుస్తుంది. అంటే 10 క్యూసెక్కులకు రోజుకు 120 ఎకరాలు. కానీ దారిలో ఎంత తగ్గుతుందో తెలియాలంటే మధ్య తూములన్నీ మూయించి అదే రోజు శివారులోనూ కొలవండి. అక్కడ 7.5 వస్తే శివారుకు అందేది రోజుకు 90 ఎకరాలకే. వారి వంతు గంటలు ఆ లెక్కన పెంచి పట్టికలో రాయండి.