సైట్‌లో పని ఎక్కడ ఆగుతోంది? నాలుగు సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కొత్తగా సైట్ ఇంజినీర్లుగా చేరిన పిల్లలకి కాంక్రీటు గురించి కాలేజీలో చెప్పే ఉంటారు. మనుషులతో పని చేయించడం మాత్రం ఎవరూ చెప్పరు. అపార్ట్‌మెంట్ పనుల్లో నాకు మళ్లీ మళ్లీ ఎదురైన నాలుగు చిక్కులు ఇక్కడ రాస్తున్నాను. మొదటిదాని మీదే ఎక్కువ రాశాను, మిగతావాటిలో సగం దాని నుంచే పుడతాయి కాబట్టి.

సమస్య 1: ఎప్పుడడిగినా "అయిపోవచ్చింది సార్" అంటారు. వెళ్లి చూస్తే అవ్వదు.

ఒక సైట్‌లో మూడో అంతస్తు బాత్రూములకి టైల్స్ వేయాలి. శుక్రవారానికి పూర్తి చేస్తామని ఓనర్‌కి నేను మాటిచ్చేశాను. బాత్రూం నేలకి వాటర్‌ప్రూఫింగ్ పూత వేశాక డ్రెయిన్ మూసి, నీళ్లు నింపి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, కనీసం 24 గంటలు వదిలేయాలి. మర్నాడు నీళ్లు గీత దగ్గరే ఉండి, కింద ఫ్లాట్ సీలింగ్ పొడిగా ఉంటేనే టైల్స్ మొదలుపెట్టాలి.

ఆ గురువారం పొద్దున మెట్లెక్కుతూనే "వాటర్ టెస్ట్ అయిందా మేస్త్రీ?" అని గట్టిగా అడిగాను. "అయింది సార్" అన్నాడు. నేను ఆగకుండా పైకెళ్లిపోయాను.

రెండు నెలలకి కింద ఫ్లాట్ సీలింగ్ మీద పళ్లెమంత తడి మరక కనిపించింది. టైల్స్ పగలగొట్టి, పూత మళ్లీ వేసి, టెస్ట్ చేసి, టైల్స్ తిరిగి పరిచేసరికి ఆ ఒక్క బాత్రూమే పదకొండు రోజులు తినేసింది. ఎందుకు చెప్పలేదని అడిగితే మేస్త్రి తల వంచుకుని, "ఆ రోజు మీరు కోపంగా ఉన్నారు సార్. ఒకదాంట్లో నీళ్లు నింపలేదంటే తిడతారని భయమేసింది" అన్నాడు. నాలుగు బాత్రూముల్లో మూడింటి గోడలకే పెన్సిల్ గీత ఉందట. ఆ రోజు నేను లోపలికి తొంగిచూసినా తెలిసిపోయేది.

కారణం: తప్పు నేను అడిగిన తీరులోనే ఉంది. "అయిందా?" అంటే "అయింది" అనడమే తేలిక. పెద్దవాళ్ల మొహం మీద "కాలేదు" అనకూడదని మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. దానికి మన కోపం కూడా తోడైతే, చెడ్డ కబురు చేయి దాటాక గానీ మన దాకా రాదు.

పరిష్కారం: "అయిందా" మానేసి "ఇంకా ఏం మిగిలింది?" అని అడగండి. "పద మేస్త్రీ, చూద్దాం" అని వెంట నడవండి. తొంభై శాతం అయిందంటే నమ్మకండి, గదులు లెక్కపెట్టండి: ఎన్ని పూర్తయ్యాయి, ఎన్నిట్లో పని నడుస్తోంది, ఎన్నిట్లో మొదలే కాలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆలస్యమవుతుందని ముందే చెప్పిన మనిషిని ఆ క్షణంలో ఒక్క మాట కూడా అనకండి. "ముందే చెప్పావు, మంచి పని చేశావు. ఇప్పుడేం చేద్దాం?" అనండి. ఒకరి మీద అరిస్తే సాయంత్రానికి సైటంతా తెలుస్తుంది, ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు. నా సైట్‌లో అది మారడానికి ఏడాది దాకా పట్టింది. ఆ మేస్త్రే ఒక రోజు రాత్రి ఫోన్ చేసి, "సార్, రెండో బాత్రూంలో నీళ్లు గీత కిందికి దిగాయి, రేపు టైల్స్ వెయ్యను" అన్నప్పుడు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

సమస్య 2: అందరూ తమ పని చేశారు, అయినా స్లాబ్ రోజు పని ఆగింది.

రెడీమిక్స్ లారీ బయల్దేరింది. సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కింద కట్టే చెక్కలు) అయింది, రాడ్ బెండింగ్ (ఊచలు వంచి కట్టడం) అయింది. తీరా చూస్తే ఒక బెడ్‌రూంలో ఫ్యాన్ బాక్స్ (ఫ్యాన్ తగిలించడానికి స్లాబ్‌లో పెట్టే డబ్బా) లేదు. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "కింది జాలీ (కింది ఊచల వరస) కట్టాక పిలుస్తామన్నారు, ఎవరూ పిలవలేదు" అంటాడు. రాడ్ బెండర్ "వచ్చి వెళ్లాడనుకున్నా" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కారణం: ప్రతి పనికీ ఒక మనిషి ఉన్నాడు. ఒక పని ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట ఎవరూ లేరు. ఎలక్ట్రికల్ పైపులు కింది ఊచలు కట్టాక, పై ఊచలు కట్టకముందు పరచాలి. ఆ కాస్త వ్యవధి ఎప్పుడొస్తుందో కనిపెట్టి పిలిచే బాధ్యత మీదే.

పరిష్కారం: స్లాబ్‌కి రెండు రోజుల ముందు సాయంత్రం సెంట్రింగ్, రాడ్ బెండింగ్, కరెంటు, ప్లంబింగ్ వాళ్లందరినీ ఆ చెక్కల మీదే పది నిమిషాలు నిలబెట్టండి. ఎవరి తర్వాత ఎవరో, ఎన్ని గంటలకో అక్కడే తేల్చి, ఒక కాగితం మీద సంతకాలు తీసుకోండి. కాగితంలో "ఎలక్ట్రీషియన్" అని కాకుండా మనిషి పేరు రాయండి. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకుంటే చెప్పినట్టు కాదు.

సమస్య 3: మనుషుల్ని పెంచాం, వేగం పెరగలేదు.

కారణం: పని మనుషుల కోసం ఆగి ఉండకపోవచ్చు. పది మంది మేస్త్రీలని దింపినా ఇసుక పైకి చేర్చే లిఫ్ట్ ఒకటే అయితే తొమ్మిది మంది కూర్చుంటారు. కొన్ని పనులకి రోజులే కావాలి. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం మామూలు సిమెంటు(ఓపీసీ)తో వేసిన స్లాబ్‌కి కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) లాంటివి కలిసిన సిమెంటైతే 10 రోజులు. 4.5 మీటర్ల వరకు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబ్ కింద సపోర్టులు 7 రోజుల దాకా తీయకూడదు, అంతకంటే పెద్దదైతే 14 రోజులు. ఇవీ మామూలు సిమెంటుకి చెప్పినవే, వేరే సిమెంటైతే ఇంకా ఆగాల్సి రావచ్చు.

పరిష్కారం: మనుషుల్ని పిలిచేముందు ఒక పూట ఊరికే నిలబడి, ఎవరు దేనికోసం ఎదురుచూస్తున్నారో రాసుకోండి. ఓనర్ తొందరపెట్టినా సపోర్టుల విషయంలో మాత్రం తలూపకండి. దాని కింద మనుషులు తిరుగుతారు.

సమస్య 4: మంచి పనివాడు చెప్పకుండా మానేశాడు.

కారణం: కూలి రేటు చాలలేదని అనుకుంటాం. నేను చూసినంతలో చాలాసార్లు నలుగురి ముందు మాట పడటమో, చేసిన పని కొలతలు తీయకుండా వారాల తరబడి నానబెట్టడమో అసలు కారణం.

పరిష్కారం: తప్పు చెప్పాల్సి వస్తే పక్కకి తీసుకెళ్లి చెప్పండి. కొలతలు అతని ముందే తీసి, అతని పుస్తకంలో కూడా రాయండి. శనివారం ఇస్తామన్న డబ్బు శనివారమే ఇవ్వండి. ఇక పండగలు. సంక్రాంతికి శ్రీకాకుళం వాళ్లు, ఛఠ్ పండక్కి బీహార్ వాళ్లు ఎలాగూ ఊరెళ్తారు, ఆపాలని చూడకండి. నెల ముందే ఒక్కో గ్యాంగ్‌ని అడిగి, ఎప్పుడు వెళ్తారో, ఎప్పుడు తిరిగొస్తారో రాసుకుని, స్లాబ్ తేదీని దాన్ని బట్టి పెట్టుకోండి. టికెట్‌కి డబ్బు కావాలంటే అప్పుడే చేతిలో పెట్టండి.