మాట పుట్టుక పట్టుకోవడం – 4వ పాఠం: రేయి రాత్రి కాదు

పోయిన పాఠం చివర కొన్ని మాటలిచ్చి, ఏ మాట నుంచి వచ్చాయో రాయమన్నాను. వాటిలో జాతర, అచ్చెరువు అందరికీ వచ్చేశాయి. యాత్ర, ఆశ్చర్యం, అంతే. చాలామంది బోల్తాపడింది రేయి దగ్గర. ‘రాత్రికి తద్భవం’ అని, అంటే సంస్కృత మాటే మారి తెలుగైందని రాసేశారు. అందుకని ఈసారి చెప్పాల్సిన పార్సీ మాటలు ఆపి, ముందు దీని సంగతి తేల్చుకుందాం.

రాత్రికి తద్భవం రాతిరి. త్ర మధ్యలో ఒక ఇకారం చేరింది, హల్లులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మరి రేయిలో తకారం ఏమైంది? రెండో రేఫ, అంటే రెండో రకారం ఏమైంది? పోయాయంటారా, అలాగే పోగొట్టుకున్న మాటలు ఇంకో మూడైనా చూపించండి. చూపలేకపోతే ఆ వ్యుత్పత్తి కొట్టెయ్యండి. అర్థం ఒకటే, మొదటి అక్షరం ఒకటే అన్నది సాక్ష్యం కానే కాదు. తెలుగు మాటల పుట్టుక గురించి రోజూ తిరిగే తప్పుల్లో సగం ఇక్కడే పుడుతున్నాయి.

తమిళంలో రాత్రిని ఇరవు అంటారు. మొదట ఇకారం ఉంది, మనకు లేదు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా? బోలెడు. వాళ్ల ఇరండు మన రెండు. ఉరల్ – రోలు. ఇళ – లేత. ఉళ్ – లో. అవన్ – వాడు. మొదటి అచ్చూ దాని తర్వాతి హల్లూ తారుమారై, హల్లు ముందుకొచ్చింది. అచ్చులు కలిసిపోయి దీర్ఘమైంది. రెండులో మాత్రం వెనక జంట హల్లు ఉంది కనక హ్రస్వమే. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. రేయి ఈ వరసలో చక్కగా కూర్చుంటుంది. చీకటికి మన కావ్యాల్లో ఉన్న ఇరులు కూడా ఆ ధాతువుదే, కాకపోతే అది తారుమారు కాలేదు.

నీరు విషయంలోనూ కొందరు ‘సంస్కృతంలో నీరం ఉంది కదా’ అన్నారు. ఉంది. కానీ ఎక్కడో బలూచిస్తాన్‌లోని బ్రాహుయీ అనే ద్రావిడ భాషలో దీర్ అన్నా నీళ్లే. సంస్కృతమే ద్రావిడం నుంచి తీసుకున్న మాటల్లో ఇదొకటి, మీనం ఇంకొకటి.

వెతకడానికి బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు రెండో కూర్పు (1984) పట్టుకోండి. లోపలి పేజీలు తిరగేయొద్దు, అక్కడ ముందు తమిళమే కనిపిస్తుంది. వెనక తెలుగు సూచికలో మాట చూసి, పక్కనున్న అంకె దగ్గరికి వెళ్లండి. శబ్దరత్నాకరం (1885) అనే తెలుగు నిఘంటువును నేను అర్థానికే తీస్తాను, సోదర భాషల పోలికకు అది పనికిరాదు.

అభ్యాసం: మన పకారం కన్నడంలో హకారమైన జంటలు పది రాయండి. పాలు–హాలు, పులి–హులి, పల్లె–హళ్ళి నేనిచ్చేశాను, అవి లెక్కలోకి రావు. పబ్బం–హబ్బ కూడా ఈ వరసలోనే ఉంది, అయినా రెండూ సంస్కృత పర్వం నుంచి వచ్చినవే. అలాంటప్పుడు ఆ మార్పు కన్నడంలో ముందు జరిగిందా, పర్వం కన్నడంలోకి ముందు వచ్చిందా? కారణంతో సహా రాయండి.