బ్యాక్‌హో స్టెబిలైజర్ ప్యాడ్‌లు మార్చుకోవడం ఎలా?

చిన్న ట్రాక్టరు వెనుక బిగించే బ్యాక్‌హోకు (గుంతలు తవ్వే యంత్రపు చేతికి) తవ్వేటప్పుడు బండి కదలకుండా నేలకు ఆనించే రెండు కాళ్లు, అంటే స్టెబిలైజర్లు, ఉంటాయి. వాటి అడుగున మొదట వచ్చే ప్యాడ్‌లు చాలావరకు చిన్న ఇనుప పలకలే. అవి తడినేలలో దిగబడతాయి, కాంక్రీటు మీద జారుతూ గీతలు పెడతాయి. ఒక కాలి మీద 900 కిలోల బరువు పడుతోందనుకుంటే, పొడవూ వెడల్పూ 15 సెంటీమీటర్లున్న ప్యాడ్ కింద నేల మీద చదరపు సెంటీమీటరుకు 4 కిలోల ఒత్తిడి ఉంటుంది. అదే 25 సెంటీమీటర్ల చదరమైతే ఒత్తిడి దాదాపు 1.4 కిలోలకు తగ్గుతుంది. ఈ లెక్క అందరికీ తెలిసిందే కాబట్టి పెద్ద పలక కోయించి అతికించేస్తారు. కాని ప్యాడ్ పాడయ్యేది పలక చిన్నదైనందువల్ల కాదు, ప్యాడ్‌ను కాలికి కలిపే పిన్ను ఎత్తు తప్పడం వల్ల. ఆ సంగతి పట్టించుకోకుండా చేసిన పనులను సరిచేయడానికే నా సమయం ఎక్కువగా పోతోంది.

కావలసినవి ఎక్కువేమీ లేవు: 12 మి.మీ. మందం ఇనుప పలక, చెవులకు (పలక మీద నిలబెట్టి పిన్ను దూర్చే రెండు ముక్కలకు) అదే మందం పట్టీలు, 25 మి.మీ. మందం రబ్బరు, బోల్టులు, నైలాన్ లాక్ నట్లు, పెద్ద పిన్ను జారిపోకుండా ఆపే కొత్త స్ప్లిట్ పిన్నులు, గ్రీజు, వెల్డింగ్ యంత్రం, డ్రిల్లు, కొలతలకు వెర్నియర్. పలక 10 మి.మీ. కంటే పలుచనైతే అంచులు పైకి వంగిపోతాయి. అప్పుడు నేలను మోసేది నడుమ భాగం ఒక్కటే కాబట్టి వైశాల్యం పెంచిన ఫలితం దక్కదు. పలక సైజు ఖాయం చేసేముందు కాలును పూర్తిగా పైకి మడిచి, అట్టముక్కతో కోసిన నమూనాను అక్కడ పట్టుకొని, అది వెనుక టైరుకు గాని మడ్‌గార్డుకు గాని తగలడం లేదని చూసుకోవాలి.

పాత ప్యాడ్ తీయడం తేలిక. బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు లోడరును, వెనుక బకెట్టును నేలకు ఆనించాలి. ప్యాడ్ కింద కాకుండా కాలి గొట్టం కిందనే గట్టి కర్రదిమ్మె పెట్టి, కాలును దాని మీద దించి, ఇంజను ఆపి, లీవర్లను రెండు వైపులా కదిపి ఆయిల్ ఒత్తిడి వదిలించాలి. కేవలం హైడ్రాలిక్ మీద వేలాడుతున్న కాలి కింద చెయ్యి పెట్టకూడదు. గొట్టాల దగ్గర ఆయిల్ కారుతోందేమోనని వేలితో తడిమి చూడనూ కూడదు. ఒత్తిడిలో ఉన్న సన్నని ఆయిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఆ తరువాత స్ప్లిట్ పిన్ను తీసి, పెద్ద పిన్నును సుత్తితో కొట్టి బయటకు తోస్తే ప్యాడ్ ఊడివస్తుంది. ఒక కాలి పని పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టాలి.

అసలు పని చెవులను నిలబెట్టడం. బ్యాక్‌హో కాలు నిటారుగా దిగదు, ఒక చాపంలో బయటకు జరుగుతూ దిగుతుంది. నేల ఎత్తుపల్లాలను బట్టి కాలికీ ప్యాడ్‌కూ మధ్య కోణం ప్రతిసారీ మారుతుంది కాబట్టి ప్యాడ్ పిన్ను మీద స్వేచ్ఛగా ఊగాలి. పిన్ను మధ్యబిందువు పలకకు మరీ దగ్గరగా ఉంటే కాలి చివరి మూల పలకను తన్నుతుంది; ప్యాడ్ బిగుసుకుపోతుంది; బరువంతా చెవుల మీద పక్కకు లాగుడుగా పడి వెల్డింగ్ పగులుతుంది. మరీ ఎత్తుగా ఉంటే ప్యాడ్ కింద పడ్డప్పుడు పక్కకు ఒరిగిపోతుంది. పలక నుంచి పిన్ను మధ్య వరకు ఉండాల్సిన ఎత్తుకు నా కొలత ఇది: పిన్ను మధ్య నుంచి కాలి చివర అతి దూరపు మూల వరకు ఉన్న దూరానికి 6 మి.మీ. కలపాలి. అంతకంటే తక్కువ వద్దు, ఎక్కువ కూడా వద్దు. ఒకసారి తొందరలో నేను ఆ మూలను కొలవకుండా, కాలి చివరి చదును భాగం వరకు మాత్రమే కొలిచి వెల్డింగ్ చేశాను. గుంత సగం తవ్వేలోపే ఒక చెవి చీలింది.

రెండు చెవులను ఒకదాని మీద ఒకటి బిగించి, పిన్ను కంటే అర మి.మీ. పెద్ద రంధ్రాన్ని రెండింటికీ ఒకేసారి వేయాలి. విడివిడిగా వేసిన రంధ్రాలు ఒకే గీతలోకి రావడం అరుదు. పిన్నుకు సమానమైన కడ్డీని రంధ్రాల్లో దూర్చి, చెవుల నడుమ కాలి మందం కంటే 3 మి.మీ. ఎక్కువ వెడల్పున్న దిమ్మె పెట్టి, పలకకు సరిగ్గా మధ్యలో ఉండేలా వాటిని నిలబెట్టాలి. మధ్య తప్పితే ప్యాడ్ ఏటవాలుగా వేలాడి, దిగినప్పుడు ముందు అంచు మీద పడుతుంది. నాలుగు మూలలా చిన్న అతుకులు వేసి, కడ్డీ చేత్తో తిరుగుతోందో లేదో చూసి, ఆ తరువాతే లోపలా బయటా మారుస్తూ 3 సెంటీమీటర్ల చొప్పున వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్ చల్లారేటప్పుడు చెవిని తన వైపుకు లాగుతుంది. అందుకే ఒకే పక్కన బారుగా వేసేవారి చెవులు వంగి, పిన్ను దూరదు; అప్పుడు గ్యాస్ కట్టరుతో రంధ్రం పెద్దది చేస్తారు. అలా కోసిన రంధ్రం నెలల్లోనే కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది.

ఈ వెల్డింగ్ బల్ల మీదే చేయాలి. కాలికే తగిలించి చేస్తే కొలత కచ్చితంగా వస్తుందని కొందరి వాదన. కాని ఎర్త్ క్లాంపు ఎక్కడో తగిలిస్తే కరెంటు పిన్నుల గుండా, సిలిండర్ గుండా పోతుంది; నిప్పురవ్వలు సిలిండర్ కడ్డీ మెరుపు మీద పడితే సీలు కోసుకుపోతుంది. తప్పనిసరై బండి మీదే చేస్తే బ్యాటరీ తీగలు తీసి, క్లాంపును ప్యాడ్‌కే పెట్టి, సిలిండర్ కడ్డీని తడిగుడ్డతో కప్పాలి.

ఇక రబ్బరు. పాత కన్వేయర్ బెల్టు ముక్క మంచిది. టైరు ముక్కల్లో ఉక్కు తీగలు బయటపడి కాంక్రీటును గీరుతాయి. బోల్టు తల రబ్బరు అడుగుకంటే కనీసం 10 మి.మీ. లోపల ఉండేలా గుంత తీసి, పెద్ద వాషరు వేసి, నట్టును పైవైపు బిగించాలి. ఇనుమూ రబ్బరూ రెండు వైపులా ఉండే తిప్పుడు ప్యాడ్‌లు దొరుకుతాయి గాని, పైకి తిరిగిన వైపు మట్టి గడ్డకట్టి పిన్నును బిగించేస్తుంది కాబట్టి ఊడదీసే రబ్బరే మేలని నా అనుభవం. మట్టిలో పనికి రబ్బరు తీసేసి, పలక అడుగున వెల్డింగ్ చేసిన రెండు పట్టీలతో నేలను పట్టనివ్వవచ్చు.

పిన్నుకు గ్రీజు రాసి, కొత్త స్ప్లిట్ పిన్నుతో బిగించి, కాళ్లను నెమ్మదిగా దించి, టైర్లు కొద్దిగా మాత్రమే పైకి లేచేలా ఉంచి ఇరవై నిమిషాలు తవ్వాలి. ఆ తరువాత ప్యాడ్ ఎత్తి, తుడిచి, వెల్డింగ్ చివరల్లో సన్నని గీతలు ఉన్నాయేమో చూడాలి. రబ్బరు నొక్కుకుపోయి నట్లు వదులవుతాయి కాబట్టి అప్పుడే ఒకసారి, మరుసటి రోజు పని ముగిశాక ఇంకోసారి బిగించాలి.