మాడిఫై చేసిన పాత జపాన్ కారు మొరాయిస్తోందా? ముందు ఎర్త్ వైరు చూడండి

ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) ఊగుతోంది. హెడ్‌లైట్ వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది. మైలేజీ పడిపోయింది. ఈ మూడూ కలిపి చెప్పేవాళ్లు ఆ వెంటనే చెప్పేది కూడా ఒకటే: "కొత్త కాయిల్ వేశాను, ప్లగ్గులు మార్చాను, ఇక ఆల్టర్నేటర్ మారుద్దామనుకుంటున్నాను." ఎర్త్ వైరు (బ్యాటరీ మైనస్‌ని బాడీకీ ఇంజిన్‌కీ కలిపేది) చూశారా అని అడిగితే అటువైపు నుంచి చప్పుడుండదు.

ఇది 1985 నుంచి 2000 లోపు వచ్చిన, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న జపాన్ కార్ల గురించి. ప్లగ్గులు విప్పడం, మల్టీమీటర్ పట్టుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు

ఆఖరిసారి చెయ్యి పెట్టింది ఎక్కడ? పది కేసుల్లో ఏడెనిమిదింటికి జవాబు అక్కడే దొరుకుతుంది. నిన్నటిదాకా బాగున్న కారు ఈరోజు హెడర్ (ఇంజిన్ నుంచి పొగని బయటికి తెచ్చే గొట్టాల సెట్) మార్చాక మొండికేస్తే, ఆ హెడర్ బిగించడానికి ఏమేం విప్పారో కాగితం మీద రాసుకోండి. విప్పినవన్నీ తిరిగి బిగించారా?

రెండోది, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) గుర్తుపెట్టుకున్న తప్పుల కోడ్ చదవడం. అప్పటి కార్లలో చాలావాటికి స్కానర్ అక్కర్లేదు, చిన్న వైరు ముక్క చాలు. చాలా టొయోటాల్లో డయాగ్నసిస్ బాక్స్‌లో టీఈ1, ఈ1 కలిపితే, హోండాల్లో డాష్ కింద ఉండే రెండు పిన్నుల సర్వీస్ కనెక్టర్ కలిపితే చెక్ ఇంజిన్ లైటు మినుకుమంటూ కోడ్ చెబుతుంది. టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలన్నది) చూసేటప్పుడూ ఇలాంటి జంపరే కావాలి. మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5లో టెన్, గ్రౌండ్ పిన్నులు కలపకుండా టైమింగ్ లైటు పట్టి 10 డిగ్రీలకి సెట్ చేశానంటే అది లెక్కలోకి రాదు. ఐడిల్‌లో టైమింగ్‌ని ఈసీయూ తన ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ జరుపుతూనే ఉంటుంది.

ఓపెన్ ఫిల్టర్ పెట్టాక కింది ఆర్‌పీఎంలో దమ్ము పోయింది

డబ్బా లేని ఆ ఫిల్టర్ రేడియేటర్ వెనక నుంచి వేడి గాలి పీలుస్తోంది, అంతకు మించి రహస్యం లేదు. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బా బయటి చల్లగాలి తీసుకునేలా కట్టింది. దాన్ని వెనక్కి పెట్టి, లోపల మంచి ఫిల్టర్ వేయండి. చప్పుడు తగ్గుతుంది, కారు పరుగెడుతుంది.

ఎయిర్‌ఫ్లో మీటర్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) ఉన్న ఇంజిన్ అయితే ఇంకొకటి చూడాలి. మీటర్ దాటాక ఉండే ముడతల రబ్బరు గొట్టాన్ని విప్పి చేత్తో వంచండి. ముడతల లోపల పగుళ్లుంటే లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది, ఐడిల్ ఊగుతుంది. బయటినుంచి చూస్తే ఈ పగుళ్లు కనబడవు, వంచితేనే నోరు తెరుస్తాయి.

స్ప్రింగులు మార్చాక ఎత్తు సమంగా లేదు, బుష్‌లు తొందరగా చిరిగాయి

చక్రాలు గాల్లో వేలాడుతుండగా సస్పెన్షన్ ఆర్మ్ బోల్టులు బిగించేశారు. ఆర్మ్ కీళ్లలో ఉండే ఈ బుష్‌లలో రబ్బరు అతికి ఉంటుంది, తిరగదు, మెలిపడుతుంది. బోల్టులు వదులు చేసి, కారు బరువంతా చక్రాల మీదికి వచ్చాక అప్పుడు బిగించండి. 25, 30 మిల్లీమీటర్లకి మించి దించకండి. స్ట్రట్ సస్పెన్షన్‌లో కింది ఆర్మ్ అడ్డంగా ఉండాల్సింది బయటి కొస పైకి లేచిందంటే రోల్ సెంటర్ (మలుపులో కారు బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాగా కిందికి జారిపోతుంది, దించిన కారు మలుపుల్లో అంతకు ముందుకంటే ఎక్కువ ఒరగాలని చూస్తుంది.

స్టార్టర్ బద్ధకం, ఐడిల్ ఊగుడు, లైటు వేస్తే లేచే ముల్లు: ఎర్త్

కారులో ప్లస్ వైరుకున్న మర్యాద మైనస్‌కి లేదు. ప్లస్‌కి ఫ్యూజు, రంగు తొడుగు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) అన్నీ ఉంటాయి. మైనస్ అంటే బాడీకి బిగించిన ఓ లగ్ (వైరు కొసన ఉండే లోహపు కన్ను). కానీ వెళ్లిన కరెంటంతా తిరిగి రావాల్సింది ఆ దారినే. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బాడీకీ బ్యాటరీకీ మధ్య ఉన్న దారి ఓ లావు కేబులూ, ఓ అల్లిక పట్టీ, అంతే.

మాడిఫికేషన్లకీ దీనికీ బంధుత్వం ఎక్కువ. హెడర్, రేడియేటర్, మానిఫోల్డ్ ఏది విప్పినా దారిలో ఏదో ఒక ఎర్త్ బోల్టు తగులుతుంది. హోండాల్లో ఇంజిన్ వైరింగ్ ఎర్త్ థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర ఉంటుంది, చాలా టొయోటాల్లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద. మానిఫోల్డ్‌కి ముచ్చటపడి రంగు వేయించామంటే ఆ లగ్ కింద కూడా రంగు వేయించినట్టే. పైగా పెద్ద ఆంప్లిఫయర్, ఎక్కువ వాట్ల లైట్లు పెట్టామంటే పాతికేళ్లుగా ఎలాగోలా నెట్టుకొస్తున్న పట్టీ మీద ఇంకా బరువు వేసినట్టు.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. 1992 మోడల్ హ్యాచ్‌బ్యాక్. ఇంజిన్ బేకి పెయింట్ వేయించి, హెడర్ మార్చాను. ఆ వారం నుంచి స్టార్టర్ నీరసంగా తిరగడం మొదలైంది. బ్యాటరీ మార్చాను. స్టార్టర్ మార్చాను. ఐడిల్ వాల్వ్ రెండుసార్లు విప్పి కడిగాను. మూడో నెలలో ఒక పొద్దున బానెట్ ఎత్తి, ఇంకొకరిని కీ తిప్పమని, ఊరికే యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది. స్టార్టర్‌కి పోయిన కరెంటు వేరే దారి లేక ఆ సన్నటి ఇనుప కేబుల్ గుండా తిరిగి వస్తోంది. పట్టీ విప్పి చూస్తే లగ్ కింద నిగనిగలాడే కొత్త పెయింటు, దాని మీద బోల్టు ఎంత గట్టిగా బిగించాలో అంత గట్టిగా బిగించి ఉంది. బిగించింది నేనే.

ముల్లు ఎందుకు లేస్తుంది? ఆల్టర్నేటర్ ఇంజిన్‌కి బిగించి ఉంటుంది. లైట్లకి అది పంపిన కరెంటు బాడీ మీదుగా తిరిగి ఇంజిన్‌కే రావాలి. దారి సరిగా లేకపోతే ఇంజిన్ బ్లాక్ వోల్టేజీ బాడీ కంటే కిందికి దిగుతుంది. ఒంటి వైరు టెంపరేచర్ సెండర్‌కి (ఇంజిన్ వేడిని మీటరుకి చెప్పేది) ఎర్త్ ఆ బ్లాకే కదా, మీటరు గుండా ఎక్కువ కరెంటు పారుతుంది, ముల్లు పైకి పోతుంది. ఇంజిన్‌లో నీళ్లు మాత్రం ఉన్నంత వేడిగానే ఉంటాయి. అది చూసి థర్మోస్టాట్ మార్చినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

మైలేజీ సంగతి ఇంకా తమాషా. అప్పటి చాలా కార్లలో ఆక్సిజన్ సెన్సర్‌కి (పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో పొగని చూసి ఈసీయూకి చెప్పేది) ఒక్కటే వైరు, ఎర్త్ ఎగ్జాస్ట్ గొట్టమే. అది చెప్పేదే మొత్తం 0 నుంచి 1 వోల్టు లోపు, మధ్యగీత 0.45 దగ్గర. ఈసీయూ ఎర్త్ లగ్ చిలుము పట్టి ఈసీయూ వైపు 0.2 వోల్టు పైకి తేలిందనుకోండి, సెన్సర్ మాట దానికి 0.2 తక్కువగా వినబడుతుంది. పెట్రోలు చాలడం లేదనుకుని ఇంకా పోస్తుంది. పొగ గొట్టం దగ్గర పెట్రోలు వాసన, ప్లగ్గుల మీద మసి. కొత్త సెన్సర్ వేసినా అదే వరస.

పరీక్షకి ఐదు నిమిషాలు. మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టండి. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్ట్ మీదే ఆనించాలి, క్లాంప్ మీద కాదు. ఎందుకంటే పోస్ట్‌కీ క్లాంప్‌కీ మధ్య కూడా దొంగ ఉండొచ్చు. ఎర్ర ప్రోబ్ ఇంజిన్ బ్లాక్ మీద, రంగు లేని ఇనుము మీద. ఇంజిన్ ఆన్ చేసి హై బీమ్, బ్లోవర్, వెనక అద్దం హీటర్ వేయండి. 0.1 వోల్టు దాటకూడదు (కొన్నిసార్లు మైనస్ గుర్తు కనబడుతుంది, ఫర్వాలేదు). స్టార్టర్ తిరుగుతున్నప్పుడు 0.2, మహా అయితే 0.3. అర వోల్టు చూపిస్తే ఇక వేరే చోట వెతకొద్దు. తర్వాత ఎర్ర ప్రోబ్‌ని బాడీ మీదికి, ఆ తర్వాత ఈసీయూ ఎర్త్ పిన్ను మీదికి మార్చి మళ్లీ చూడండి.

మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి "కంటిన్యుటీ బాగానే ఉంది" అని చెప్పకండి, దయచేసి. మీటర్ పంపేది మిల్లీ ఆంపియర్లు. పట్టీలో ఒక్క పోగు మిగిలినా అది బీప్ అంటుంది. స్టార్టర్ లాగేది 150 ఆంపియర్ల దాకా ఉంటుంది. దారిలో 0.01 ఓమ్ ఉంటే చాలు, 1.5 వోల్టు అక్కడే ఆవిరి. ఆ 0.01 ఓమ్‌ని చేతి మీటర్ చూడలేదు.

మీటర్ కూడా లేదా? జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ మీద ఉన్న హుక్ లాంటి లావు ఇనుముకీ కలపండి. స్టార్టర్ హుషారైతే, ముల్లు దిగితే, జవాబు దొరికినట్టే.

బాగు చేయడం: బ్యాటరీ మైనస్ విప్పాకే మొదలుపెట్టండి. లగ్ విప్పి, రెండు ముఖాలూ వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకండి. పంటి వాషర్ వేసి బిగించండి. వాజిలిన్ బిగించిన తర్వాత పైన పూయాలి, ముందు మధ్యలో కాదు. కేబుల్ కొసన తొడుగు అంగుళం కోసి చూడండి. రాగి ఆకుపచ్చగా ఉంటే లగ్ మెరిసినా లాభం లేదు, కేబుల్ మార్చాల్సిందే. కొత్తది 16 నుంచి 25 చదరపు మిల్లీమీటర్లది, కాస్త వదులుగా ఉండేంత పొడవు. ఇంజిన్ ఊగుతుంది, బిగువుగా కడితే ఏడాదిలో తెగుతుంది.

లైట్లు మసగ్గా ఉన్నాయి, పెద్ద బల్బు వేయాలా

వద్దు. హాలోజన్‌కి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పోతుంది. ఎర్త్ బాగు చేసి, స్విచ్ మీద భారం తగ్గేలా రిలే వైరింగ్ వేస్తే ఉన్న బల్బే కొత్తగా కనబడుతుంది. ఒక్క హెచ్చరిక: చాలా టొయోటాల్లో హెడ్‌లైట్ స్విచ్ మైనస్ వైపు పనిచేస్తుంది, హోల్డర్‌లో ప్లస్ మామూలుగా వచ్చే తీరు వేరు. మామూలు రిలే కిట్ తెచ్చి తగిలిస్తే పనిచేయదు, కిట్‌ని తిట్టుకుంటారు.

మిగతావి

వేడికి ఆగి, చల్లారాక స్టార్టయ్యే పాత హోండాలో మెయిన్ రిలే టంకం పగుళ్లు చూడండి. ఈసీయూ లోపల కెపాసిటర్లు కారడం కొన్ని మిత్సుబిషీల్లో నిజమే, కానీ ఎర్త్ చూడకుండా ఈసీయూ విప్పొద్దు. రేడియేటర్‌కి ఎక్కువ ప్రెషర్ క్యాప్ పెట్టి పాత హోస్ పగలగొట్టుకున్నవాళ్లకి చెప్పేదేమీ లేదు, పాత క్యాప్ ప్రెషరే వేయండి.

నన్నడిగితే ఈ కార్లకి మొదటి మాడిఫికేషన్ టైర్లు, బ్రేక్ హోస్‌లు, కొత్త ఫ్లూయిడ్, బుష్‌లు, డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు). టైరు పక్కగోడ మీది డాట్ కోడ్ చివరి నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. ఆ సంవత్సరం చూశాక ఎగ్జాస్ట్ కొందామన్న ఆలోచన దానంతట అదే వెనక్కి పోతుంది.

ఇక రంగురంగుల ఎర్తింగ్ కిట్ల (అదనపు ఎర్త్ వైర్ల సెట్లు) గురించి అడుగుతారు. కారుతో వచ్చిన పాయింట్లన్నీ శుభ్రం చేసి, మీటర్ 0.05 చూపిస్తుంటే ఆ కిట్ చేయడానికి పని మిగల్లేదు. ఇప్పటికే కిట్ వేసి ఉంటే మాత్రం దాని లగ్గులు ఒక్కొక్కటీ విప్పి, కింద పెయింటు గీకారో లేదో చూడండి.